ఖాళీగా ఎగరలేరు, సరే. కానీ తీసేసేది ఉదయం ఫ్లైటే ఎందుకు?

గోదావరి గట్టు | 27 జూన్ 2021, ఉదయం 9:12

మిత్రులకు నమస్కారం. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించి ఈరోజు రాస్తున్నాను.

నేను ఉండేది కూకట్‌పల్లిలో. నాన్నగారు రాజమండ్రిలో ఒక్కరే ఉంటారు. 22వ తేదీ ఉదయం స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. పక్కింటివాళ్లు ఆసుపత్రిలో చేర్చారు. 24న ఆపరేషన్, కొడుకు వచ్చి సంతకం చేయాలన్నారు. వెంటనే 24 ఉదయం ఫ్లైట్‌కు టికెట్ కొన్నాను.

23 రాత్రి 9:40కి ఫోనుకు సందేశం వచ్చింది. నిర్వహణ కారణాల వల్ల ఉదయం విమానం రద్దు, మిమ్మల్ని సాయంత్రం 5:30 విమానానికి మార్చాం అని. అప్పటికి నా బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టి ఉంది.

హైదరాబాద్‌లో లాక్‌డౌన్ ఎత్తేశారు కానీ తూర్పు గోదావరిలో కర్ఫ్యూ సడలింపు మధ్యాహ్నం 2 గంటల వరకే. సాయంత్రం మధురపూడి విమానాశ్రయంలో దిగితే రాజమండ్రి ఊళ్లోకి ఆటో ఉంటుందా? నాన్న దగ్గర కూర్చున్న పక్కింటి అబ్బాయి 2 లోపు ఇల్లు చేరాలి. అప్పటి నుంచి నేను వెళ్లే దాకా ఆ మంచం పక్కన ఎవరుంటారు? రాత్రి 11కి కారు తీశాను. మా ఆవిడ నిద్రపోకుండా పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఈ-పాస్ చూపించి, విజయవాడ, ఏలూరు దాటి, తెల్లవారేసరికి రావులపాలెంలో ఉన్నాం. ఆపరేషన్ జరిగింది, నాన్న కోలుకుంటున్నారు.

జనం లేరని విమానాలు తగ్గించారు, అర్థమవుతోంది. కానీ అవసరానికి మించి తగ్గించారని నా అభిప్రాయం. ఈ మధ్య ప్రయాణం చేసినవాళ్లు, ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను పొరబడి ఉంటే దిద్దండి.

లెక్కల మాస్టారు | 27 జూన్, ఉదయం 10:05

నాన్నగారు కోలుకుంటున్నారని విని మనసు తేలికపడిందండీ. మీరు పడ్డ కష్టాన్ని కాదనను, కానీ అంకెలు ఒకసారి చూడండి.

2019లో దేశంలో లోపలి విమానాలు ఎక్కినవాళ్లు 14 కోట్ల 40 లక్షల మంది. నెలకు సగటున కోటీ 20 లక్షలు. ఈ ఏడాది ఏప్రిల్‌లో 57 లక్షలు, మే నెలలో 21 లక్షలు. వంద మంది వచ్చే కొట్టుకు పద్దెనిమిది మంది కూడా రావడం లేదు. అన్ని విమానాలు తగ్గించాక కూడా మేలో చాలా సంస్థలవి మూడింట రెండొంతులు నిండలేదు. ఇంకా ఎక్కువ తిప్పి ఉంటే ఆ నష్టం ఎవరు భరించేవారు? కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయినప్పుడు చూశాం కదా. ఒక సంస్థ మూతపడితే పోయేది ఉదయం ఫ్లైట్ ఒక్కటే కాదు.

అమీర్‌పేట టికెట్లు | 27 జూన్, ఉదయం 11:30

పద్నాలుగేళ్లుగా టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. మాస్టారూ, మీ అంకెలు సరైనవే. కానీ అంకెల్లో కనబడని మార్పు ఒకటి నా కౌంటర్‌లో కనబడుతోంది.

ఇదివరకు రాజమండ్రి, తిరుపతి, విశాఖ టికెట్లు పది పదిహేను రోజుల ముందే అడిగేవాళ్లు. ఇప్పుడు రెండు రోజుల ముందు అడుగుతున్నారు, కొందరు ముందురోజు సాయంత్రం. కోవిడ్ పరీక్ష ఫలితం రావాలి, ఇంట్లో ఎవరికీ జ్వరం లేదని తేలాలి, అవతలి ఊళ్లో కర్ఫ్యూ వేళలు తెలియాలి. ఇవన్నీ చూసుకోకుండా ఎవరూ డబ్బు కట్టడం లేదు. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల డబ్బు కోసం జనం ఎంత తిరిగారో మీకు తెలుసు. 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గాని ఆ చిక్కు ఒక దారికి రాలేదు. ఆ భయం ఇంకా పోలేదు.

సంస్థ మాత్రం వారం ముందే బుకింగ్ చూస్తుంది. 70 సీట్లలో 15 నిండితే ఈ ఫ్లైట్ ఎవరికీ అక్కర్లేదని దాన్ని తర్వాతి ఫ్లైట్‌లో కలిపేస్తుంది. ముందురోజు రావలసిన 25 మంది ఇక రారు, రావడానికి ఫ్లైట్ లేదు కాబట్టి. వాళ్లు ఏ లెక్కలోకీ ఎక్కరు. పోయిన వారం నా దగ్గరికి వచ్చి, వేళలు చూసి వెనక్కి వెళ్లినవాళ్లు రోజుకు నలుగురైదుగురు ఉన్నారు. గిరాకీ లేదనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను.

రన్‌వే09 | 27 జూన్, మధ్యాహ్నం 2:48

విమానాల షెడ్యూలు వేసే విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను, ఇప్పుడు లేను. ఉదయం ఫ్లైట్ ఎందుకు పోతుందో చెప్పగలను. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా నాకు నచ్చని సంగతి ఉంది, అదీ చెబుతాను.

రాజమండ్రి, కడప, తిరుపతి లాంటి చోట్లకు ఎక్కువగా తిరిగేది ఏటీఆర్, డెబ్బై పైచిలుకు సీట్ల విమానం. ఒక్కో విమానానికి రోజుకు ఒక వరుస ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఒక ఊరు, మళ్లీ హైదరాబాద్, ఇంకో ఊరు, ఇలా ఆరు నుంచి ఎనిమిది విడతలు. గొలుసులో ఒక లంకె తీస్తే ఆ విమానం రెండు గంటలు ఊరికే నిలబడుతుంది. అందుకని గొలుసునే తీసేసి, మిగిలిన ప్రయాణికులను ఇంకో గొలుసులో సర్దుతారు. మీకు ఒక ఫ్లైట్ పోయినట్టు కనబడుతుంది. నిజానికి అవతల ఒక విమానం మొత్తం ఆగిపోయి ఉంటుంది.

గొలుసు మొదటి లంకె ఉదయం ఫ్లైటే. తెల్లవారుజామున చిన్న ఊరి నుంచి బయల్దేరాలంటే ముందురోజు రాత్రి విమానం అక్కడే ఆగాలి. పైలట్లకు, సిబ్బందికి హోటల్ గదులు, రాత్రి కాపలా, ఉదయాన్నే తనిఖీ చేసే ఇంజనీరు ఉండాలి. ఖర్చు తగ్గించమన్న మాట వచ్చిన రోజే ఈ రాత్రి మజిలీని కొట్టేస్తారు. హైదరాబాద్ నుంచి బయల్దేరే ఉదయం ఫ్లైట్‌కు ఈ చిక్కు లేదు, కానీ అవతలి నుంచి తిరుగు ప్రయాణానికి జనం ఉండాలి. ఉద్యోగుల రాకపోకలు ఆగిపోవడంతో అదీ పోయింది.

ఇక విమానాన్ని నిలబెడితే ఖర్చు ఆగిపోతుందనుకోవద్దు. మన దేశంలో ఎక్కువ విమానాలు అద్దెవే. ఎగిరినా నిలబడినా అద్దె కట్టాలి, అదీ డాలర్లలో. నిలిచిన విమానానికి ఇంజన్ మూతులు మూయాలి, చక్రాలు ఒకేచోట అణగకుండా కదుపుతుండాలి, అప్పుడప్పుడు ఇంజన్ తిప్పి చూడాలి. పైలట్‌కు 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే ప్రయాణికులను ఎక్కించుకుని నడిపే వీలు పోతుంది. కాబట్టి ఇంధనం, సిబ్బంది రోజు ఖర్చు రాబట్టగలిగితే చాలు, ఎగరడమే మేలు. పైగా 80 సీట్ల లోపు విమానాలకు మన విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ మినహాయింపు ఉంది. పెద్ద విమానం సగం నిండక దిగాలుపడే రోజున కూడా చిన్న విమానం బతకగలదు. అలాంటప్పుడు చిన్న విమానాలను ఇంత తొందరగా కట్టిపడేయడం నాకు సరిగా తోచలేదు.

గోదావరి గట్టు | 27 జూన్, సాయంత్రం 6:20

రన్‌వే09 గారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇప్పటిదాకా నేను సంఖ్య గురించే ఆలోచించాను. హైదరాబాద్ నుంచి మా ఊరికి రోజుకు రెండు ఫ్లైట్లు ఉండి, రెండూ మధ్యాహ్నం తర్వాతే అయితే, నాలాంటివాడికి అవి లేనట్టే. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగితేనే కదా చిన్న ఊళ్లో ఉన్న పెద్దవాళ్లను చూసుకోగలం.

పాత బేగంపేట | 27 జూన్, రాత్రి 8:15

మా ఇల్లు బేగంపేట రన్‌వేకు దగ్గరలో. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిన రాత్రి ఆకాశం నిశ్శబ్దమైపోవడం ఇప్పటికీ గుర్తుంది. అలాంటి నిశ్శబ్దం మళ్లీ పోయిన ఏడాది మార్చి 25న విన్నాను. అయితే ఇంకో సంగతి గుర్తుచేయాలని వచ్చాను.

కొత్త విమానాశ్రయం తెరిచిన ఆ ఏడాదే కష్టకాలం వచ్చిపడింది. జూలైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు చేరింది, ఆ వెంటే అమెరికా బ్యాంకులు కూలాయి. టికెట్ల ధరలు పెరిగాయి, జనం రైళ్లకు మళ్లారు, సంస్థలు ఫ్లైట్లు కోసేశాయి. అక్టోబర్‌లో జెట్ ఒక్కసారిగా 1,900 మందిని తీసేసి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఏడాది చివరికి చమురు 40 డాలర్ల దగ్గరికి పడిపోయింది. 2009లో ప్రయాణికులు మళ్లీ పెరిగారు.

అప్పట్లో నేను మందుల కంపెనీకి అమ్మకాల పని మీద నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లేవాడిని. ఫ్లైట్ పోయాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు అలవాటుపడ్డాను. ఫ్లైట్ తిరిగి వచ్చాక కూడా చాలా కాలం రైలే ఎక్కాను. ఒకసారి మారిన అలవాటు అంత తేలికగా వెనక్కి రాదు. తీసేసిన ప్రతి ఫ్లైట్‌తో కొంతమంది ప్రయాణికులు శాశ్వతంగా పోతారని సంస్థలు ఆలోచించాలి.

శంషాబాద్ సారథి | 27 జూన్, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాను. పెద్ద లెక్కలు నాకు తెలియవు, చూసింది చెబుతాను.

పార్కింగ్‌లో బండి పెట్టి వరుసలో ఉంటే ఇదివరకు గంట, గంటన్నరలో నా వంతు వచ్చేది. మే నెలలో ఒకరోజు పొద్దున 6కి వెళ్లి పెడితే మధ్యాహ్నం 2 దాటాక ఒక సవారీ వచ్చింది, అదీ శంషాబాద్ ఊళ్లోకే. టిఫిను డబ్బా తెరిచి సగం తిని సగం దాచుకునేవాళ్లం, ఇంకెంతసేపు పడుతుందో తెలియక. బండి వాయిదా నెలకు 14,300. రెండు నెలలవి కట్టలేదు.

ఫ్లైట్లు కలిపేసినప్పుడు మాకు ఇంకో ఇబ్బంది. రెండు ఫ్లైట్ల జనం ఒకేసారి దిగుతారు. అరగంట మేం సరిపోము, తర్వాత నాలుగు గంటలు ఎవరూ ఉండరు. విమానాశ్రయానికి తిరిగే పుష్పక్ బస్సువాళ్లదీ అదే మాట. తక్కువైనా సరే, రోజంతా కాస్త కాస్త వస్తే మేం బతుకుతాం.

చల్లపెట్టె | 28 జూన్, ఉదయం 7:50

ప్రయాణికుల గురించే మాట్లాడుతున్నారు. విమానం కడుపులో ఏముందో కూడా చూడాలి.

టీకాలు, మందులు చల్లగా ఉంచి పంపే పని నాది. దేశంలో టీకాలు తయారయ్యే ముఖ్యమైన ఊళ్లలో మనది ఒకటి. జనవరిలో కోవాగ్జిన్ మొదటి పెట్టెలు ఇక్కడి నుంచి ఇతర నగరాలకు వెళ్లింది మామూలు ప్రయాణికుల విమానాల్లోనే. మే 1న రష్యా నుంచి స్పుత్నిక్ మొదటి లక్షన్నర మోతాదులు దిగిందీ శంషాబాద్‌లోనే. దూరదేశాల నుంచి వచ్చే పెద్ద సరుకుకు వేరే విమానం పెడతారు. కానీ లోపలి ఊళ్లకు వెళ్లే పది ఇరవై పెట్టెలకు ఎవరూ విమానం పెట్టరు. అవి మీ సూట్‌కేసుల పక్కనే ప్రయాణం చేస్తాయి.

ఒక పెట్టె సంగతి చెబుతాను. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకట్టించిన చల్లటి ప్యాక్‌లను నేరుగా పెట్టకూడదు, మందు గడ్డకట్టి పాడవుతుంది. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడే దాకా ఆగి అప్పుడు సర్దుతాం. మధ్యలో అగ్గిపెట్టెంత ఉష్ణమాపకం పెడతాం. మూత వేసి టేపు అంటించిన నిమిషం నుంచి గడియారం నడుస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు ఫ్లైట్ కలిపేశాం, సాయంత్రం వెళ్తుంది అని కబురు వస్తే ఆ పెట్టెలన్నీ మళ్లీ చల్లగదికి వెళ్లాలి. ప్యాక్‌లు మార్చాలి, కాగితాలు కొత్తగా రాయాలి. అవతలి ఊళ్లో టీకా కోసం పొద్దున్నే వరుసలో నిలబడ్డవాళ్లకు రేపు రమ్మని చెబుతారు. మే నెలలో నాకు అలా రెండుసార్లు జరిగింది. ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు.

ఏప్రిల్‌లో బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను వాయుసేన విమానంలో ఒడిశాకు తీసుకెళ్లారు. అత్యవసరమైతే అంత చేయగలిగినవాళ్లం, టీకా పెట్టెలు వెళ్లే ఉదయం ఫ్లైట్ ఒక్కదాన్ని రద్దు కాకుండా చూడలేమా?

సేవిక | 28 జూన్, ఉదయం 10:22

కోవిడ్ వార్డులో నర్సును. ఎవరినీ నొప్పించాలని కాదు. ఏప్రిల్, మే నెలల్లో విమానాలు తగ్గడం మంచిదైంది. నిండా జనంతో అవి తిరిగి ఉంటే మా వార్డుల్లో ఏమయ్యేదో ఆలోచించడానికే భయంగా ఉంది. రెండు గంటల లోపు ప్రయాణంలో భోజనం పెట్టవద్దని ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది మాస్కు తీయకూడదనే. అవసరం లేని ప్రయాణాలు ఇప్పుడూ వద్దు. తండ్రి కోసం వెళ్లేవాళ్లకు మాత్రం దారి ఉండాలి.

నల్లకుంట నాన్న | 28 జూన్, మధ్యాహ్నం 1:15

మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, ఆగస్టులో తరగతులు. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో విదేశాలకు వెళ్లే విద్యార్థులకు వేరుగా టీకా ఇస్తున్నారు, అది వేయించాం. మే 4 నుంచి అమెరికా మన ప్రయాణికులను ఆపింది కానీ విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. తరగతులకు 30 రోజుల ముందు నుంచి వెళ్లవచ్చు. ఇంకేం, ఈ ఊళ్లోని పిల్లలందరూ జూలై చివర, ఆగస్టు మొదట్లో ఒకేసారి టికెట్ల మీద పడ్డారు. జనవరిలో మొదలైన హైదరాబాద్ షికాగో నేరు విమానం చూసి ఎంత సంతోషించామో. ఇప్పుడు ఏ దారిన చూసినా ధర రెట్టింపు పైనే. ఒకసారి కొన్న టికెట్ రద్దయింది, ఆ డబ్బు ఇంకా చేతికి రాలేదు, రెండోది అప్పు చేసి కొన్నాను.

అంతర్జాతీయ రాకపోకలు సంస్థల చేతిలో లేవని తెలుసు. దుబాయ్ వైపు ఏప్రిల్ చివర నుంచి మూసేశారు. జగిత్యాల, కరీంనగర్ నుంచి సెలవు మీద వచ్చి చిక్కుకుపోయినవాళ్లు ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియక ఎదురుచూస్తున్నారు. కానీ ఏ వారాల్లో ఏ పిల్లలు వెళ్తారో ప్రతి ఏడూ తెలిసిందే కదా. ఆ మూడు వారాలకైనా ముందుగా విమానాలు పెంచవచ్చు.

నిర్వాహకుడు | 28 జూన్, మధ్యాహ్నం 2:00

సభ్యులకు మనవి. టికెట్ నంబర్లు, ఫోను నంబర్లు ఇక్కడ పెట్టకండి. రెండు వ్యాఖ్యల్లోంచి తీసేశాను. సంస్థల పేర్లు పెట్టి ఆరోపణలు వద్దు, చర్చ బాగా సాగుతోంది.

ఓర్వకల్లు | 28 జూన్, రాత్రి 9:05

మాది కర్నూలు. ఓర్వకల్లు విమానాశ్రయం ఈ మార్చి 28న మొదలైంది. బెంగళూరు, విశాఖ, చెన్నైలకు ఫ్లైట్లు. మొదటి వారం మా చుట్టాలు ఎక్కడానికి కాదు, చూడటానికి వెళ్లారు. నెల తిరగకుండానే కోవిడ్ రెండో ఉధృతి వచ్చింది.

నెల వయసున్న మార్గంలో జనం లేరని ఎలా తేలుస్తారు? విత్తనం వేసిన వారానికి మొలక రాలేదని దున్నేస్తే పంట ఎప్పుడు వస్తుంది? 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం కింద ఫ్లైట్లు మొదలైన రోజునే కడప నుంచి హైదరాబాద్‌కు, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్లు వేశారు. సగం సీట్లు గంట ప్రయాణానికి 2,500 రూపాయల చొప్పున ఇచ్చి, తగ్గిన డబ్బు ప్రభుత్వం మూడేళ్లు భర్తీ చేసేలా ఏర్పాటు చేశారు. మామూలు రోజుల్లోనే ఒక మార్గం నిలదొక్కుకోవడానికి మూడేళ్లు కావాలని వాళ్లే ఒప్పుకున్నారు. అలాంటిది కష్టకాలంలో మూడు వారాల బుకింగ్ చూసి తీర్పు ఇవ్వడం న్యాయం కాదు. చిన్న ఊరికి రోజుకు ఉన్నది ఒక్క ఫ్లైట్. అందులో సగం తీసేస్తే మిగిలేది రోజు విడిచి రోజు. ఢిల్లీకి ఇరవై ఉన్నచోట పది తీసినా పది మిగులుతాయి. శాతం ఒకటే, నష్టం ఒకటి కాదు.

లెక్కల మాస్టారు | 29 జూన్, ఉదయం 6:45

ఓర్వకల్లు గారి చివరి రెండు మాటలు రాత్రంతా నన్ను వెంటాడాయి. నేను మొత్తం అంకె చూశాను, అది ఎక్కడ పడుతుందో చూడలేదు. ఇది ఒప్పుకుంటున్నాను.

అయితే తప్పంతా సంస్థలదే అనకండి. మే చివర వరకు, కోవిడ్‌కు ముందున్న వాటిలో 80 శాతం విమానాలు తిప్పుకోవచ్చని ప్రభుత్వం అన్నా ఎవరూ ఆ దరిదాపుల్లో లేరు. జూన్ 1 నుంచి ప్రభుత్వమే పరిమితిని 50 శాతానికి దించింది, కనిష్ఠ ఛార్జీలు కూడా పెంచింది. ప్రయాణికులు ఒక్కసారిగా తగ్గారన్నది చెప్పిన కారణం. చేతిలో డబ్బున్న సంస్థకు ఈ పరిమితి సంకెల, డబ్బులేని సంస్థకు గొడుగు. బలమైనవాడు చవక టికెట్లతో ఆకాశాన్ని నింపేస్తే బలహీనుడు రెండు నెలల్లో మూతపడతాడు. ఆ భయం వల్లే పెట్టి ఉంటారని నా అంచనా. కానీ గొడుగు ఎప్పుడు మడవాలో తెలియాలి. జూన్ రెండో సగంలో కేసులు తగ్గాయి, ఇక్కడ లాక్‌డౌన్ పోయింది, జనం కదులుతున్నారు. ఇప్పటికీ 50 దగ్గరే కట్టేస్తే అప్పుడు కోత ఎక్కువైనట్టే.

రన్‌వే09 | 29 జూన్, ఉదయం 11:10

మాస్టారూ, మీ మాటకు కొనసాగింపుగా. పరిమితి సగమని చెప్పారు కానీ ఏ సగమో చెప్పలేదు. అది సంస్థ ఇష్టం. సంస్థ సహజంగానే ఢిల్లీ, ముంబై, బెంగళూరులను ఉంచుకుంటుంది. నా చేతిలో ఉంటే ఒక్క షరతు పెట్టేవాడిని. ఏ ఊరికైనా చిట్టచివరి ఉదయం ఫ్లైట్‌ను తీసేసే ముందు వేరే చోట మూడో, నాలుగో ఫ్లైట్‌ను తీయాలి. రోజూ కాకపోతే వారానికి మూడు రోజులే నడపండి, కానీ ఆ మూడు రోజులూ కచ్చితంగా నడపండి. అమ్మిన తర్వాత కలపవద్దు. రోజూ అని అమ్మి, ముందురోజు రాత్రి రద్దుచేసే అలవాటే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. తక్కువ ఫ్లైట్లు ఉన్నా తట్టుకోవచ్చు, నమ్మలేని ఫ్లైట్‌తో ఎవరూ ఏ ఏర్పాటూ చేసుకోలేరు.

గోదావరి గట్టు గారూ, మీకు ఉపయోగపడే సంగతి ఒకటి. రద్దు గురించి రెండు వారాల ముందు చెబితే వేరే ఫ్లైట్ లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. ఆ తర్వాత, 24 గంటల ముందు వరకు చెబితే, మీ అసలు వేళకు రెండు గంటల లోపు బయల్దేరే ఇంకో ఫ్లైట్ ఇవ్వాలి, లేదా మీరు ఒప్పుకుంటే డబ్బు వెనక్కి. మీకు అంతకన్నా ఆలస్యంగా చెప్పారు. గంట లోపు ప్రయాణానికి పరిహారం 5,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి, ఏది తక్కువైతే అది. తమ అదుపులో లేని కారణమని సంస్థ నిరూపిస్తే పరిహారం ఉండదు. జనం తక్కువగా ఉండటం అలాంటి కారణం కాదని నా ఉద్దేశం. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి, ఆ సందేశం స్క్రీన్‌షాట్ జతచేయండి.

గోదావరి గట్టు | 29 జూన్, రాత్రి 10:30

ఈరోజే పెట్టానండీ. డబ్బు కోసం కాదు. 9:40కి వచ్చిన ఆ సందేశం ఎక్కడో ఒకచోట నమోదు కావాలని. ఎన్ని సీట్లు అమ్మారో కూడా అడిగాను.

అమీర్‌పేట టికెట్లు | 5 జూలై, రాత్రి 9:20

ఈరోజు ఉత్తర్వు వచ్చింది. పరిమితి 50 నుంచి 65 శాతానికి పెంచారు. పొద్దుటి నుంచి ఫోను ఆగలేదు. పెరిగిన ఫ్లైట్లు ప్రస్తుతానికి ఢిల్లీ, బెంగళూరు, విశాఖ వైపే ఎక్కువగా కనబడుతున్నాయి. చిన్న ఊళ్లు వెతుకుతున్నాను, దొరికితే చెబుతాను.

శంషాబాద్ సారథి | 6 జూలై, మధ్యాహ్నం 12:35

ఈరోజు రెండున్నర గంటల్లో నా వంతు వచ్చింది. సవారీ కొండాపూర్ దాకా.

అమీర్‌పేట టికెట్లు | 7 జూలై, ఉదయం 11:50

గోదావరి గట్టు గారూ, రాజమండ్రికి ఉదయం ఫ్లైట్ ఒకటి సిస్టంలో పడింది. 16వ తేదీ నుంచి, సోమ, బుధ, శుక్రవారాలు. నేను చూసేసరికి 16న పదకొండు సీట్లు అమ్ముడయ్యాయి.

గోదావరి గట్టు | 7 జూలై, మధ్యాహ్నం 12:20

చాలా సంతోషమండీ. నాన్నను డాక్టర్‌గారు 22 గురువారం మళ్లీ తీసుకురమ్మన్నారు. శుక్రవారానికి మార్చమని ఇప్పుడే ఆసుపత్రికి ఫోను చేస్తున్నాను. 23కి నా పేరు మీద ఒక సీటు ఉంచండి.